ఎవరూ కూర్చోని కుర్చీలు

మా ఇంట్లో మనుషులం ఇద్దరం. కుర్చీలు పదకొండు. వాటిలో మూడింటి మీద ఎవరినీ కూర్చోనివ్వను. చుట్టాలు వస్తున్నారంటే ఆ మూడూ ముందుగానే పడకగదిలోకి చేరతాయి. మనిషి కూర్చోవడానికి పుట్టిన వస్తువును మనిషి నుంచే కాపాడుకోవలసిన అగత్యం ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నను నాకు నేనే వేసుకోక తప్పని రోజు ఒకటి వచ్చింది.

ఉద్యోగరీత్యా 2011లో నేను నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పట్నం చేరాను. ఆ దేశంలో ఏటా రాజుగారి పుట్టినరోజు పండుగనాడు జనం ఇంట్లోని పాత సామానంతా వీధిలో పరిచి అమ్ముకుంటారు. అలాంటి ఒక వీధిలో 2014లో నా మొదటి కుర్చీ దొరికింది. 1950-65 మధ్య డచ్చి కర్మాగారాల్లో తయారైన వాలుకుర్చీలను వెతికి పోగుచేయడం అప్పటినుంచి నాకు వ్యసనమైంది. కుర్చీని తిరగేసి అడుగున కర్మాగారం చీటీ వెతకడం, కూర్చునే భాగం కింది రబ్బరు పట్టీలు ఎండి పెళుసుబారాయా అని వేలితో నొక్కి చూడడం, లోపలి రబ్బరు నురుగు పిండిగా రాలుతున్నదేమోనని తట్టి చూడడం - ఇదంతా ఒక విద్య. సంతలో ఎడ్ల పళ్లు చూసే మనిషికీ నాకూ పెద్ద తేడా లేదు.

ఆ వ్యసనం వేళ్లు మాత్రం మా వూళ్లోనే వున్నాయి. మా తాతగారికి వరండాలో ఒక పడక కుర్చీ వుండేది. ఆయన అందులో వుండగా మా నాన్న నిలబడే మాట్లాడేవాడు. పాలేరు అరుగు దిగువన నిలబడేవాడు. ఆయన లేనప్పుడు కూడా ఆ కుర్చీలో మరొకరు కూర్చునేవారు కాదు. మా ఇంట్లో కుర్చీ అంటే ఆసనం కాదు, పెత్తనం. అందువల్లనే కాబోలు, సన్నని ఉక్కు చట్రంతో, చెక్కడాలూ నగిషీలూ లేకుండా, ఒంటిచేత్తో ఎత్తగలిగేంత తేలికగా వున్న ఆ డచ్చి కుర్చీని చూడగానే నా మనసు పోయింది. దీనిలో ఎవరు కూర్చున్నా ఒకటే అనిపించింది.

అది నా ఊహ మాత్రమే కాదు. ఆ కుర్చీల వెనుక నిజంగానే ఒక ఆశయం వుంది. 1940 మే 14న జర్మన్ విమానాలు రోటర్‌డామ్ నగరం నడిబొడ్డును నేలమట్టం చేశాయి. యుద్ధం ముగిసేసరికి దేశమంతటా ఇళ్ల కరువు. కొత్తగా లేచిన ఇళ్లు ఇరుకు. వాటిలో పట్టే సామాను తేలికగా వుండాలి, మన్నాలి, జీతగాడి చేతికి అందాలి. 1946లో ఏర్పడిన 'ఖూట్ వోనెన్' సంస్థ ఈ మాటనే ప్రచారం చేసింది. 'చక్కగా నివసించడం' అని ఆ పేరుకు అర్థం. 1953లో ఫ్రిసో క్రామర్ ఉక్కురేకును మడిచి, 'రివోల్ట్' అనే కుర్చీని రూపొందించాడు. ఐండ్‌హోవెన్‌కు దక్షిణాన బెర్గైక్ గ్రామంలో, ఆదర్శవాదులు సహకార పద్ధతిపై ఆరంభించిన 'డి ప్లూఖ్' నేతశాలకు తోబుట్టువుగా 1941లో 'స్పెక్ట్రమ్' అనే సామాను సంస్థ పుట్టింది. 1954 నుంచి మార్టిన్ విస్సర్ దానికి కుర్చీలూ సోఫాలూ రూపొందించాడు.

ఆ బెర్గైక్ గ్రామానికే 2016లో వెళ్లాను. ఎనభై దాటిన ఒక వృద్ధుడు కుర్చీ అమ్ముతున్నాడని తెలిసింది. ఆయన నేతపని చేసి విశ్రాంతి తీసుకుంటున్న కార్మికుడు. కుర్చీ 1960 ప్రాంతపు స్పెక్ట్రమ్ వాలుకుర్చీ. ఉక్కు చట్రం మీద పేము అల్లిక, ఒక్క పోగూ తెగలేదు. నలభై యూరోలు అడిగాడు. దానికి వేలంపాటలో ఎన్నో రెట్లు పలుకుతుందని నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. నలభై యూరోలు ఆయన చేతిలో పెట్టాను.

"ఇన్నేళ్లూ మీ ఇంట్లోనే వుందా?" అని అడిగాను.

"మా ఇంట్లోనా? ఇది మా వదినగారిది. ఆమె బడిపంతులమ్మ. ఇది పంతుళ్ల కుర్చీ, మా కుర్చీ కాదు," అన్నాడాయన.

ఆయన గదిలో చూస్తే, నలుగురు పడితే గాని కదలని ఓకు చెక్క బల్ల, చెక్కడపు పనితో బరువైన కుర్చీలు వున్నాయి. సరిగ్గా ఆ రకం సామానునే 'ఖూట్ వోనెన్' వారు కూడదని బోధించారు!

తిరుగు దారంతా ఆ మాట నన్ను వదల్లేదు. కార్మికుడి కోసమని ఉద్దేశించిన కుర్చీని ఉపాధ్యాయులు, వాస్తుశిల్పులు, చదువుకున్న మధ్యతరగతి వారు కొన్నారు. కార్మికులలో చాలామంది కొనలేదు. వారికి అభిరుచి లేదనడం తేలిక. కాని లేమిని చూసిన కుటుంబం బరువైన చెక్కను కోరడంలో తప్పేముంది? అది తమ కష్టానికి కంటికి కనిపించే రుజువు. ప్రజల కోసం వస్తువును చేయడం వేరు, వారిని అడిగి చేయడం వేరు. 'నీకు ఏది అందమో నేను చెబుతాను' అన్న చోట, ఎంత సదుద్దేశమైనా, పెత్తనం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఈ కుర్చీకి మా తాతగారి కుర్చీతో నేననుకున్నంత దూరం లేదు.

ఇక నాబోటి సేకరణదారు చేసే పని మరొకటి. ఉపయోగపు విలువను చంపి మారకపు విలువను బతికిస్తాడు. వేలం జాబితాలో విస్సర్ పేరు వుంటుంది; అల్లిన చేతి పేరు వుండదు. పేము ఐరోపాలో పెరిగేది కాదు. డచ్చివారు అల్లికకు పేము తెప్పించుకున్నది తమ వలసరాజ్యమైన ఈస్టిండీస్ నుంచి. 1949 డిసెంబరు 27న గాని ఇండోనీషియా స్వాతంత్ర్యాన్ని వారు ఒప్పుకోలేదు. అడవిలో ఆ పేము కోసిన మనిషి ఏ జాబితాకూ ఎక్కడు.

నెల తరువాత మళ్లీ బెర్గైక్ వెళ్లాను. అసలు ధర చెప్పి, తేడా సొమ్ము ఇవ్వబోయాను. ఆయన కోప్పడలేదు, సంతోషించనూ లేదు. సొమ్ము తీసుకుని మనవరాలి పేరున వేస్తానన్నాడు. కాఫీ ఇచ్చి, "నడుముకు హాయిగా వుందా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ కుర్చీలో నేను ఒక్కసారీ కూర్చోలేదు.

ఆ సాయంత్రం కూర్చున్నాను. హాయిగానే వుంది. ఇప్పుడది హాల్లో వుంటుంది, వచ్చినవారంతా కూర్చుంటారు. నిరుడు ఎడమవైపు రెండు పోగులు తెగాయి. ధర సగానికి పడిందని ఒక వ్యాపారి విచారించాడు. పోగులు మళ్లీ అల్లించాను. మిగిలిన రెండు కుర్చీలు ఇంకా పడకగదిలోనే వున్నాయి. వాటినీ ఇవతలికి తేవాలి. ఇంతవరకు తేలేకపోయాను.