తొందరపడి తీసిన వెంట్రుకలు

ముఖం మీద వెంట్రుకలు జ్వరం తెప్పించవు, నొప్పి పెట్టవు. అయినా వాటి సంగతి ఎత్తేసరికి నా ఎదుట కూర్చున్న అమ్మాయి గొంతు తగ్గిపోతుంది, చున్నీ అంచు గడ్డం దాకా వస్తుంది. పక్కనున్న తల్లి అందుకుని, "మీసాలొస్తున్నాయి మేడమ్, సంబంధాలు చూస్తున్నాం" అంటుంది. ఇన్నేళ్లుగా చర్మవ్యాధుల ఓపీలో కూర్చున్నాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. వెంట్రుకల వల్ల చెడిన ముఖం నేను చూడలేదు. వాటిని రేపటికల్లా వదిలించుకోవాలన్న తొందరలో చెడిన ముఖాలు మాత్రం వారం వారం చూస్తూనే ఉన్నాను.

హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకునే ఒక అమ్మాయికి పై పెదవి మీద పల్చటి నూగు ఉండేది. రూమ్మేటు చెప్పిందని బ్లీచ్ వేసుకుంది. బ్లీచ్ వెంట్రుక రంగును పోగొడుతుందే తప్ప వెంట్రుకను తీయదు. డబ్బా మీద రాసిన నిమిషాలకన్నా ఎక్కువసేపు ఉంచితే బాగా పనిచేస్తుందనుకుంది. చర్మం కాలింది. మానాక నల్లటి మచ్చ మిగిలింది. ఆ నలుపు పోవడానికి మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ముఖం తెల్లబడి నునుపు తేలింది. ఆ సంతోషంలో ముఖమంతా రాసుకోవడం మొదలుపెట్టి నెలల తరబడి మానలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఎండలోకి వెళితే బుగ్గలు ఎర్రబడి మండుతున్నాయి. నుదుటి నిండా మొటిమలు. పల్చబడిన చర్మం కింద సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తున్నాయి. అన్నిటికంటే ఆమెను కుంగదీసింది, ఇదివరకు లేని చోట, రెండు చెంపల మీదా కొత్తగా నూగు రావడం.

ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంది. ఆ పూత చర్మాన్ని పల్చబరుస్తుంది, మొటిమలు తెప్పిస్తుంది, ఎక్కువ కాలం వాడితే రాసిన చోట వెంట్రుకల్ని కూడా పెంచుతుంది. మానేస్తే మొదటి వారాల్లో ముఖం ఇంకా ఎర్రబడి మండుతుంది. చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ అదే ట్యూబు కొనుక్కుంటారు. ఈ అమ్మాయి ఓపిక పట్టింది. చర్మం తేరుకోవడానికి నెలలు పట్టింది. చెంపల మీద నూగు మెల్లగా తగ్గింది. మొదట ఉన్న పై పెదవి నూగు అలాగే ఉంది. దానికి నేను చెప్పిన వైద్యం విని తల్లి బిత్తరపోయింది: రేజర్.

ఆడపిల్ల ముఖానికి రేజర్ అనగానే మన ఇళ్లలో వచ్చే మాట ఒకటే. "గీస్తే మందంగా మొలుస్తాయి కదండీ!" మొలవవు. అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే ఈ విషయాన్ని పరీక్షించి చూశారు. గీయడం వల్ల వెంట్రుక మందంలో గానీ, రంగులో గానీ, పెరిగే వేగంలో గానీ తేడా రాదని తేల్చారు. పైకి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. పెరిగే భాగమంతా చర్మం లోపల కుదురులో ఉంటుంది, అక్కడికి బ్లేడు చేరదు. సహజంగా మొలిచిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. గీసిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకు తగులుతుంది, అంతే. మగపిల్లల గడ్డం ముదరడానికి కారణం ఆ వయసులో పెరిగే హార్మోను. అదే వయసులో గీయడం మొదలుపెడతారు కనుక నేరం బ్లేడు మీద పడింది. నూరేళ్లు కావస్తున్నా ఈ భయం పోలేదు. రేజర్ బదులు చర్మాన్ని కాల్చే క్రీములకూ, కాలే మైనానికీ ముఖం అప్పగిస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది. కొత్త బ్లేడు, తడిపిన చర్మం, కాస్త జెల్, వెంట్రుక వాలిన దిక్కునే గీత. చవకైనది, నొప్పి లేనిది, వద్దనుకున్న రోజు మానేయగలిగినది. గరుకు త్వరగా తగులుతుంది, తరచుగా గీయాలి. ఆ ఇబ్బంది నిజమే. లోపలికి ముడుచుకుని మొలిచే ఉంగరాల వెంట్రుకలున్న వాళ్లకు చిన్న పొక్కులు వస్తాయి, వాళ్లకు వేరే దారి చూడాలి.

థ్రెడింగ్ మన పార్లర్లలో అందరూ చేయించుకునేదే. కుదురుతో సహా లాగేస్తుంది కనుక కొన్ని వారాలు నిశ్చింత. చేసే ఆవిడ దారం ఒక కొస పళ్ల మధ్య పట్టుకోవడం, అదే చేత్తో మరొకరి ముఖం మీదికి వెళ్లడం చూస్తుంటాం. ఒకావిడకు పై పెదవి మీద గోధుమ రంగు చదును పులిపిర్లు వరస కట్టి వచ్చాయి. వాటికి కారణం వైరస్. మొదట ఒకటో రెండో ఉన్నాయి. దారం ఒరిపిడికి చర్మం గీసుకున్న దారిలో అవి పాకాయి. ముఖం మీద పులిపిర్లు, నీటి పొక్కులు, చీము పొక్కులు ఏవున్నా తగ్గేదాకా దారం ముట్టకూడదు. బొల్లి ఉన్నవాళ్లూ జాగ్రత్తపడాలి. ఒరుసుకున్న చోట కొత్త మచ్చ వచ్చే అవకాశముంది.

వ్యాక్స్ చేతులకూ కాళ్లకూ బాగానే ఉంటుంది. ముఖానికి వచ్చేసరికే నాకు గుబులు. పెళ్లికి కొద్ది రోజుల ముందు ఒక పెళ్లికూతురు పై పెదవి మీద చర్మం ఊడిపోయి వచ్చింది. మైనం వేడి ఎక్కువేమీ కాలేదు. మొటిమల కోసం ఆమె రోజూ రాత్రి రెటినాయిడ్ క్రీము రాసుకుంటోంది. అది పైపొరను పల్చగా చేస్తుంది. వెంట్రుకతో పాటు ఆ పొరా మైనానికి అంటుకుని వచ్చేసింది. ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వాడుతున్నంత కాలమూ, మానిన తర్వాత కొన్ని నెలలూ వ్యాక్స్ జోలికి పోకూడదు. ఏ క్రీములు, ఏ మాత్రలు వాడుతున్నారని పార్లర్లో అడిగేవాళ్లు తక్కువ. కనుక మీరే చెప్పండి. హెయిర్ రిమూవర్ క్రీముల్లోని థయోగ్లైకొలేట్ వెంట్రుకలోని కెరాటిన్ బంధాలను తెంచుతుంది. చర్మం పైపొర కూడా కెరాటినే. నిమిషాలు లెక్కపెట్టుకోమనేది అందుకే.

పసిబిడ్డ నుదుటి మీద, వీపు మీద ఉన్న నూగు పోవాలని సున్నిపిండితో గట్టిగా రుద్దే అమ్మమ్మలకు ఒక మాట. ఆ నూగు కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది. రుద్దితే మిగిలేది దద్దురే.

ఇంతదాకా చెప్పినవన్నీ తీసే పద్ధతులు. అసలెందుకు వచ్చాయో తెలుసుకోకుండా తీసుకుంటూ పోవడమే నాకు ఎక్కువ భయం. గడ్డం, దవడ కింద, ఛాతీ, పొట్ట మీద బిరుసు వెంట్రుకలు వస్తూ, నెలసరి రెండు మూడు నెలలకోసారి అవుతూ, మెడ చుట్టూ చర్మం నల్లగా మందంగా మారుతుంటే అది పీసీఓడీ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం దీనికి తోడవుతుంది. అందుకే వీళ్లకు చక్కెర పరీక్ష కూడా రాస్తాను. వెంట్రుకలు తగ్గడానికి ఇచ్చే మాత్రలు మొదలుపెట్టిన నెలకే "ఏం తగ్గలేదు మేడమ్" అని మానేస్తుంటారు. వెంట్రుక పెరిగి, ఆగి, రాలడానికి నెలలు పడుతుంది కాబట్టి కనీసం ఆరు నెలలు వాడితే గానీ ఫలితం తెలియదు. ఆ మాత్రల్లో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. పెళ్లి కుదిరిన అమ్మాయి ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

కొన్నిసార్లు కారణం ఇంట్లో బాత్రూమ్ అరలోనే ఉంటుంది. జుట్టు రాలుతోందని తలకు మినాక్సిడిల్ రాసుకుంటున్న ఒక టీచరుకు నుదుటి అంచుల్లో, చెంపల్లో వెంట్రుకలొచ్చాయి. మందు జారి ముఖం మీదికి వచ్చినా, దిండుకంటి చెంపకు తగిలినా, లోపలికి ఇంకినా ఇలా జరుగుతుంది. దీన్ని మాత్రలుగా మింగేవాళ్లలో ఇంకా ఎక్కువ. మందు ఆపాక కొన్ని నెలలకు వాటంతటవే పోయాయి. ఆవిడ అప్పటికే లేజర్‌కు అడ్వాన్సు కట్టేసింది.

ఒక కేసు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ముట్లుడిగి చాలా ఏళ్లైన, పొలం పనులు చేసుకునే ఒకావిడను కోడలు తీసుకొచ్చింది. కొద్ది నెలల్లోనే గడ్డం మగవాళ్లకు వచ్చినట్టు వచ్చింది. తల ముందుభాగం పలచబడింది. ఫోనెత్తితే అవతలివాళ్లు మగమనిషనుకుంటున్నారని కోడలు చెప్పింది. ఈ నెలలన్నీ ఊళ్లో పార్లర్లో గడ్డానికి థ్రెడింగ్ చేయిస్తూనే ఉన్నారు, వయసు మీద పడితే ఇంతేనేమో అనుకుని. వయసు వల్ల గడ్డం మీద నాలుగైదు బిరుసు వెంట్రుకలు రావడం మామూలే. నెలల్లో ముంచుకు రావడం, గొంతు మారడం మామూలు కాదు. టెస్టోస్టిరాన్ మగవాళ్లలో ఉండేంత ఉంది. స్కానింగులో అండాశయంలో గడ్డ కనబడింది. ఆపరేషన్ చేసి తీసేశారు, హార్మోను దిగిపోయింది. కానీ ముదిరిన వెంట్రుకలు వెనక్కి తగ్గలేదు, గొంతు పూర్తిగా పాత గొంతు కాలేదు. థ్రెడింగ్ చేస్తున్న ఆ పార్లర్ అమ్మాయికి ఈ లక్షణాలు తెలిసి ఉంటే నెలల ముందే పంపేదేమో. నేను ఇప్పుడు పార్లర్లు నడిపేవాళ్లు వైద్యానికి వచ్చినప్పుడల్లా వాళ్లకు ఇది చెబుతున్నాను.

ఇక లేజర్. ఆ కాంతిని వెంట్రుకలోని నల్లటి మెలనిన్ పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. చుట్టూ ఉన్నదాన్ని వదిలి కావలసిన దాన్నే కాల్చే ఈ సూత్రాన్ని 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే అమెరికా వైద్యులు ప్రకటించారు. తెల్లటి చర్మం మీద నల్లటి వెంట్రుక దొరికితే పని తేలిక. మన చర్మంలోనే మెలనిన్ నిండుగా ఉంది. యంత్రానికి వెంట్రుకా, చర్మమూ రెండూ నల్లగానే కనిపిస్తాయి. అందుకే మనవాళ్లకు లోతుకు వెళ్లి పైచర్మాన్ని తక్కువగా తాకే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్, లేదా జాగ్రత్తగా వాడితే డయోడ్ లేజర్ మేలు. ముందు ఒక చిన్న చోట వేసి చూడాలి. ఆఫర్ ప్రకటన చూసి వెళ్లిన ఒక ఉద్యోగిని పిక్కల మీద యంత్రం మూతి ఆకారంలో వరసగా నల్లటి చతురస్రాలతో వచ్చింది. గోవా వెళ్లి ఎండలో చర్మం కమిలి వచ్చిన వారానికే అక్కడ సెషన్ చేసేశారు. అవి మాయడానికి ఏడాదికి పైగా పట్టింది. లేజర్‌లాగే కాంతితో పనిచేసే, ఇంట్లో వాడుకునే ఐపీఎల్ పరికరాల పెట్టెలో చర్మం రంగుల పట్టిక ఇస్తారు. ముదురు చామనఛాయకు వాడొద్దని అందులోనే ఉంటుంది.

లేజర్ శాశ్వతమంటారు. అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన మాట శాశ్వతంగా తగ్గించడం, అంతేగాని శాశ్వతంగా నిర్మూలించడం కాదు. పెరుగుతున్న దశలో ఉన్న వెంట్రుకే దానికి లొంగుతుంది కనుక నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో అనేక సెషన్లు కావాలి, తర్వాతా అప్పుడప్పుడు. పీసీఓడీ అదుపులో లేకుంటే కొత్తవి వస్తూనే ఉంటాయి. కొందరు ఆడవాళ్లలో ముఖం మీది నూగుకు లేజర్ వేస్తే ఆ చుట్టుపక్కల బిరుసు వెంట్రుకలు మొలవడమూ ఉంది. పల్చటి నూగుకు లేజర్ వద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. సెషన్లకు మధ్య థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించకూడదు. కుదురే లేకపోతే కాంతి దేన్ని కాలుస్తుంది? ఆ వారాల్లో రేజరే వాడాలి. తెల్ల వెంట్రుకలకు లేజర్ పనికిరాదు. వాటికి సన్నటి సూదిని కుదురులోకి దించి కరెంటు పంపే ఎలక్ట్రాలిసిస్ ఉంది. 1875లో ఛార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు రెప్ప లోపలికి మొలిచి కంటిని గుచ్చుకునే వెంట్రుకల కోసం దీన్ని వాడిన సంగతి ప్రకటించారు. ఒక్కో వెంట్రుకా విడిగా తీయాలి, నిదానం.

ఆ నిదానాన్ని భరించిన ఒకామె ఉంది. ట్రాన్స్ మహిళ. హార్మోన్ మాత్రలు మొదలుపెడితే గడ్డం పోతుందని ఎవరో నమ్మించారు. ఒకసారి ముదిరిన గడ్డం హార్మోన్లతో పోదు. రోజూ పొద్దున్నే పట్టకారుతో ఒక్కొక్కటీ పీక్కుంటూ దవడ పొడవునా గుంటలూ, మచ్చలూ తెచ్చుకుంది. ముందు పీకడం మాన్పించి, పొక్కులు మానాక నల్లవాటికి లేజర్, మిగిలిన తెల్లవాటికి ఎలక్ట్రాలిసిస్ చేశాం. గుంటలు కొన్ని ఉండిపోయాయి. పీకడం మానేయమని మొదటే చెప్పేవాళ్లు ఆమెకు దొరికి ఉండాల్సింది. మగవాళ్లున్న వరసలో నిలబడాలో, ఆడవాళ్ల వరసలో నిలబడాలో తెలియక ఆమె ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేదట.

మొన్నీమధ్య ఒక ఇంటర్ అమ్మాయిని తల్లి లేజర్ కోసమే తీసుకొచ్చింది. చేతుల మీద, చెవుల ముందు ఒత్తుగా నూగు. నెలసరి సరిగానే ఉంది, బిరుసు వెంట్రుకలు లేవు. మేనత్తలందరికీ ఇలాగే ఉంటుందని తల్లే చెప్పింది. అమ్మాయిని అడిగాను, నీకేం కావాలమ్మా అని. "నాకేం ఇబ్బంది లేదు మేడమ్. తీయకపోతే ఏమన్నా అవుతుందా?" అంది. ఏమీ కాదన్నాను. చీటీలో మందులేమీ రాయలేదు. నెలసరి తప్పితేనో, గడ్డం కింద గట్టివి మొలిస్తేనో రమ్మని చెప్పి పంపాను.