ఇరవై నిమిషాలు

మా నాన్న చేతులు ఎంత కడిగినా నల్లగానే ఉండేవి. అమలాపురంలో ఒక కార్ల షెడ్డులో పాతికేళ్లు పనిచేశాడు. ఇంజను దించేది, విప్పేది, మళ్లీ కట్టేది ఆయన. మేస్త్రీ అన్న పేరు మాత్రం ఓనరుది. నాన్నని "మాలపేటోడు, షెడ్డులో ఉంటాడే, వాడు" అనేవారు.

2003లో నేను ఎనిమిదో తరగతి. వేసవి సెలవుల్లో నాన్న సైకిలెక్కి షెడ్డుకి పోయేవాణ్ణి. అప్పుడొచ్చింది ఒక కామందుగారి అంబాసిడరు. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను. బోరింగు చేయించారు, పిస్టన్లు, రింగులు మార్చారు, కేమ్ షాఫ్ట్ కొత్తది తెప్పించారు. ఖర్చు పెరిగిపోతోందని టాపెట్లు మాత్రం పాతవే వెయ్యమన్నారు.

"కొత్త కేముకి పాత టాపెట్లు పనికిరావండి. తినేస్తాయండి" అన్నాడు నాన్న.

"నీకు తెలుసేంట్రా? చెప్పింది చెయ్యి" అన్నాడు ఓనరు.

"ఆయ్" అన్నాడు నాన్న. కోనసీమలో అందరూ ఆయ్ అంటారు. మావాళ్లు అన్నప్పుడు అది ఒప్పుకోలు కాదు, కూటి కోసం అన్న మాట.

కేమ్ షాఫ్ట్ మీది ముక్కులు టాపెట్లని పైకి నెడతాయి. టాపెట్టు పుష్ రాడ్డుని, అది రాకరుని, రాకరు వాల్వుని కదిలిస్తాయి. వాల్వు స్ప్రింగు బలమంతా కేము ముక్కుకీ టాపెట్టుకీ మధ్య సన్నని గీత మీద పడుతుంది. కొత్త ఇంజనులో ఆ రెండూ ఇంకా ఒకదానికొకటి అలవాటుపడి ఉండవు. అక్కడికి నూనె ఎక్కువగా క్రాంకు గిర్రున తిరిగి చిమ్మితేనే అందుతుంది. ఐడిల్లో ఆ చిమ్మడం చాలదు.

అందుకని నాన్న పద్ధతి ఒకటుండేది. ముక్కులకీ టాపెట్ల అడుగులకీ చిక్కటి పేస్టు పూసేవాడు. పెట్రోలు, టైమింగు, నీళ్లు ముందే చూసుకునేవాడు. ఊరికే సెల్ఫు కొడుతూ కూర్చుంటే పేస్టంతా తుడుచుకుపోతుందనేవాడు. స్టార్టయిన క్షణం నుంచి 20 నిమిషాలు 2000 ఆర్పీఎంకి కాస్త అటూ ఇటూగా ఉంచేవాడు. ఆ కారులో ఆర్పీఎం మీటరు లేదు, చెవితోనే పట్టేవాడు. తర్వాత నూనె, ఫిల్టరు మార్చేవాడు.

ఆ రోజు ఒక్క దెబ్బకి స్టార్టయింది. నాన్న కార్బొరేటరు దగ్గర వేలు పెట్టి నిలబడ్డాడు. మూడు నిమిషాలు కాలేదు, కామందుగారు పంతులుగార్ని వెంటబెట్టుకొచ్చారు.

"ఆ మోతేంటి? రేజు తగ్గించు."

"ఇరవై నిమిషాలుంచాలండి బాబూ."

"పూజయ్యేదాకా నువ్వు అవతలుండు."

నాన్న వేలు తీశాడు. ఇంజను ఐడిల్లోకి దిగింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ. మేమిద్దరం వేపచెట్టు కింద నిలబడి చూశాం. ఇంజను కడుపులో చేతులు పెట్టొచ్చు గానీ, దానికి బొట్టు పెట్టేటప్పుడు మేము దగ్గరుండకూడదు.

నెల తిరక్కుండా కారు టకటకమంటూ, ఏటిగట్టు ఎక్కలేక వెనక్కొచ్చింది. విప్పితే రెండు ముక్కులు అరిగి గుండ్రమైపోయాయి. టాపెట్ల అడుగులు గుంటలుపడ్డాయి. నూనెలో వెండిపొడి కలిపినట్టు ఇనుప రజను. "మాలోడి చెయ్యి పడితే ఇంతే" అన్నారు. రెండు నెలల జీతం పట్టుకున్నారు. నాన్న ఏమీ అనలేదు. పాడైన టాపెట్టు ఒకటి జేబులో వేసుకొచ్చాడు.

అది ఇప్పుడు నా దగ్గరుంది. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. నాన్న చెప్పినదానికి కారణాలు పుస్తకాల్లో తర్వాత చదువుకున్నాను. కొత్త టాపెట్టు అడుగు చదునుగా కనిపిస్తుంది గానీ కాస్త ఉబ్బెత్తు. కేము ముక్కు కాస్త ఏటవాలు. అందువల్ల నెట్టిన ప్రతిసారీ టాపెట్టు కొంచెం తిరుగుతుంది, ఒరిపిడి ఒక్కచోటే పడదు. అరిగిన పాతది తిరగదు, ఉన్నచోటే ఒరుసుకుని చస్తుంది. పాతవే వాడాలంటే కేమూ పాతదే ఉండాలి, ఏ టాపెట్టు ఏ ముక్కు మీద అరిగిందో అక్కడికే వెళ్లాలి. ఇనుముకి ఆ నియమం సరే. మనుషులకి కూడా అదే నియమం పెట్టినవాళ్లు నాన్నని చెట్టు కిందకి పంపారు.

నూనె సంగతి నేనే నాన్నకి చెప్పాను. జింకు, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే మందు ఆ గీత మీద పొరలా పరుచుకుని కాపాడుతుంది. పొగగొట్టంలోని కేటలిటిక్ కన్వర్టరు పాడవకూడదని, 2004లో వచ్చిన ఎస్ఎం తరగతి నూనెల్లో పలుచని రకాలకి ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదన్నారు. కొత్త కార్లకి అది చాలు. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్న పాతవాటిని కట్టించుకునేవాళ్లు జింకు సరిపడా ఉన్న నూనె అడిగి పోయించుకోవాలి.

"అందుకేనేంట్రా, ఆఖర్లో కేములు మరీ తొందరగా పోయేవి!" అన్నాడు నాన్న. కారణం తెలియకముందే ఆయన కన్ను కనిపెట్టింది.

మొన్న ఘర్షణ పాఠం చెబుతూ ఆ టాపెట్టు బల్ల మీద పెట్టాను. పిల్లలు వేలుతో దాని గుంట తడిమి చూశారు. "ఇదంతా మీకెవరు చెప్పారు సార్?" అనడిగాడొకడు.

"మా నాన్న. కార్ల మేస్త్రీ" అన్నాను.

ఆయన మీద వేసిన తప్పు షెడ్డు జీతాల పుస్తకంలో ఎక్కింది. ఆయన పనితనం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. అందుకే ఇది రాశాను.