మానుకోట చక్రి ఆల్బమ్‌లు: నాకు నచ్చినవి, నచ్చనివి

కొడకండ్ల



ఈసారి ఉత్తరం పాటల మీద. విడి పాటల మీద కాదు, మొత్తం ఆల్బమ్‌ల మీద. అవి కూడా ఒక్క మనిషివే. మా పక్కనున్న మానుకోట దగ్గరి కంబాలపల్లిలో పుట్టిన సంగీత దర్శకుడు చక్రివి. 2000లో పూరి జగన్నాథ్ తీసిన ‘బాచి’తో మొదలుపెట్టి, 2014 డిసెంబరు 15న నలభై ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయన పేరెత్తితే ఇప్పటికీ మా దిక్కు జనం ‘మనోడు’ అంటారు. మనోడే కాబట్టి మెచ్చుకోవాల్సింది మెచ్చుకుని, నచ్చనిది నచ్చలేదనే చెప్తాను.

నా లెక్కలో మొదటి స్థానం ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’ (2001)ది. చావబోయి ఆగిన ఇద్దరి ప్రేమకథ అది. పాటలు కూడా ఆ బాధ తెలిసినవాళ్లు కట్టినట్టే ఉంటాయి. ఆ రోజుల్లో మా ఊరి మగ్గాల ఇళ్లలో ఆ క్యాసెట్ మస్తు మోగేది. నాడె కొట్టే చప్పుడులో కూడా ప్రతి మాటా చెవిన పడేది, ఎందుకంటే అందులో వాయిద్యాలు గొంతుకు తోవ ఇస్తాయి. హరిహరన్ అంతటి గాయకుడి పక్కన అప్పటికి ఇంకా కొత్త గొంతైన కౌసల్యను నిలబెట్టాడు. ఆమె ఎక్కడా తగ్గలేదు.

తర్వాత ‘సత్యం’ (2003). వేణు, కౌసల్య కలిసి పాడిన పాట ఎంత మెత్తగా సాగుతుందో! అదే ఏడాది ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’లో అమ్మ పాటను చక్రి తానే పాడాడు. నున్నటి గొంతు కాదు ఆయనది. కొంచెం గరుకు, కొంచెం తడి. ఆ పాటకు కావాల్సింది అదే. సాధన చేసిన గాయకుడెవరు పాడినా అంత దగ్గరగా వచ్చేది కాదని నా నమ్మకం.

‘చక్రం’ (2005) గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. లోకమంతా తన వాళ్లే అయినా తాను ఒంటరేనన్న మనిషి మాటను సిరివెన్నెల రాస్తే, ఆ పాటను శ్రీ చేత పాడించాడు చక్రి. శ్రీ స్వయంగా సంగీత దర్శకుడు, సంగీత దర్శకుడు చక్రవర్తి కొడుకు. తాను పాడగలిగిన పాటను ఇంకో సంగీత దర్శకుడి గొంతుకు అప్పగించాలంటే పెద్ద మనసుండాలి.

ఇక నచ్చనిది ‘దేశముదురు’ (2007). సినిమా బాగా ఆడింది, పాటలు బరాత్‌లలో ఊగించాయి, కాదనను. కానీ దరువు ముందు పుట్టి, దాని సందుల్లో మాటలు కుక్కినట్టు ఉంటుంది నాకు. విన్నాక కాళ్లకు గుర్తుంటుంది, మనసుకు గుర్తుండదు. చప్పుడు ఎక్కువైందని కాదు నా ఫిర్యాదు. ఎన్. శంకర్ తీసిన ‘జై బోలో తెలంగాణ’ (2011)లో గద్దర్ గొంతెత్తితే దరువు ఎంత జోరుగా ఉన్నా ఒక్క మాట మునగలేదు. అక్కడ దరువు మాట కోసం పనిచేసింది.

నంది అవార్డు చక్రికి ‘సింహా’ (2010)కు వచ్చింది. వచ్చినందుకు సంతోషమే. కానీ నన్నడిగితే ఆ నంది ‘చక్రం’కో, ‘శ్రావణి సుబ్రమణ్యం’కో రావాల్సింది.

మీరు ఒప్పుకోకపోవచ్చు. ‘దేశముదురు’ అంటే ప్రాణమిచ్చే కుర్రవాళ్లు మీలో ఉంటారని తెలుసు. ఒక ఆల్బమ్ తీసుకుని మధ్యలో దాటేయకుండా మొదటి పాట నుంచి చివరి దాకా వినండి. ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో కారణంతో రాయండి. మీ ఉత్తరాల కోసం చూస్తుంటాను.

మీ
కొడకండ్ల మిత్రుడు