అర్థం కాని బొమ్మలు, అర్థమైపోయిన ఫోటోలు

సోమవారం పొద్దున్నే ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర "వీకెండ్ ఏం చేశావ్?" అని ఎవరైనా అడిగితే, "ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను" అని చెప్పి చూడండి. ముందు కాసేపు నిశ్శబ్దం. తర్వాత "అబ్బో!" ఆ తర్వాత తప్పకుండా వచ్చే ప్రశ్న, "అవన్నీ నీకు అర్థమవుతాయా?"

నా పేచీ అంతా ఈ "అర్థం" అన్న మాటతోనే.

మనం పొద్దున లేస్తే రిక్వైర్‌మెంట్, ఔట్‌పుట్ అని బతికేవాళ్ళం. ఏ కోడ్ చూసినా అది ఏం చేస్తుందో చెప్పగలగాలి. అదే అలవాటుతో ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ ముందు నిలబడి "ఇది ఏంటి? గుర్రమా, కొండా?" అని వెతుకుతాం. దొరక్కపోతే వాడు మనల్ని మోసం చేశాడనుకుంటాం. కానీ పెళ్ళిలో సన్నాయి వింటూ "దీని అర్థమేంటండీ?" అని ఎవరైనా అడిగారా? మాటల్లేని ఆలాపన గంటసేపు వినగలం. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం మాట కావాలంటాం. ఇదేం న్యాయం?

2022లో ఒక వార్త మా ఆఫీసు గ్రూపుల్లో తెగ తిరిగింది. మాండ్రియన్ రంగు టేపులతో చేసిన 'న్యూయార్క్ సిటీ 1' అనే బొమ్మని 1945 నుంచీ తలకిందులుగా వేలాడదీస్తున్నారట. అది ఇప్పుడున్న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం క్యూరేటరే ఆ సంగతి బయటపెట్టింది. తిప్పితే టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచేశారు. "చూశావా, వాళ్ళకే తెలీదు!" అని మా టీమంతా ఒకటే నవ్వు. నవ్వొచ్చే విషయమే, కాదనను. కానీ తలకిందులుగా ఉన్నా డెబ్భై ఏళ్ళకి పైగా జనం దాని ముందు ఆగి చూశారంటే అందులో ఏదో ఉన్నట్టా, లేనట్టా?

మన దేశంలో ఈ పద్ధతికి పెద్ద పేరు వి.ఎస్.గాయ్‌తొండే (1924–2001). నాగపూర్‌లో పుట్టి ముంబైలో చదివినవాడు. తన పనిని ఆబ్‌స్ట్రాక్ట్ అనడం కూడా ఆయనకి ఇష్టం లేదు, 'నాన్ ఆబ్జెక్టివ్' అనేవాడు. రోలర్, పాలెట్ నైఫ్‌లతో పొర మీద పొర వేస్తూ, గీకేస్తూ, ఏడాదికి ఏవో కొద్ది బొమ్మలే వేసేవాడు. 2013లో క్రిస్టీస్ వాళ్ళ ముంబై వేలంలో ఆయన బొమ్మ ఒకటి 23.7 కోట్లకి పోయింది, ఆనాటికి అది రికార్డు. ఈ అంకె చెప్తే మాత్రం అందరూ "ఆహా" అంటారు. అంకె అర్థమైంది కదా మరి :)

మనవాళ్ళకి ఇది పరాయిదేం కాదు. గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, అమెరికాలో స్థిరపడిన ఎస్.వి.రామారావు గారు ఆబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడే. 2001లో పద్మశ్రీ ఇచ్చారు.

సరే, ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, క్రితం చలికాలంలో నాన్న హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయన్ని బంజారాహిల్స్‌లో ఓ ప్రైవేటు గ్యాలరీకి తీసుకెళ్ళాను. నాన్న ఆర్టీసీ వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. గోడల మీద బూడిదరంగు, తుప్పురంగు పెద్ద కాన్వాసులు. పక్కన అంటించిన ఇంగ్లీషు కాగితం చదివితే నాకే కళ్ళు తిరిగాయి. తెలుగులో ఒక్క ముక్క లేదు. నాన్న ఆ కాగితం వైపు కూడా చూడలేదు. నేరుగా బొమ్మ దగ్గరికెళ్ళి, తల పక్కకి వంచి, వెలుగు పడే వైపు నుంచి చూశాడు.

"నాలుగు కోటింగులు పడ్డాయిరా. కింద ఎరుపుంది. ఆరాక ఉప్పుకాగితం పెట్టి రుద్దాడు. ఇక్కడ చూడు, చెయ్యి ఆగింది. ఇక్కడ మళ్ళీ మొదలెట్టాడు."

పది నిమిషాలు అలా ఒక్క బొమ్మ ముందే. "ఇది ఏంటి" అని ఒక్కసారి కూడా అడగలేదు. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, ముప్ఫై ఏళ్ళు రంగుతో బతికినవాడికి రంగుని రంగుగా చూడ్డం కొత్తేం కాదు. బయటికొచ్చాక మాత్రం "కింద పేరు రాసుకున్నాడు చూశావా, అది బాగుంది" అన్నాడు. ఆయన రంగేసిన ఏ బస్సు మీదా ఆయన పేరు లేదు మరి.

ఇక ఫోటోల సంగతి. అదే వారం మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళాం. అక్కడ నగరాల ఫోటోలున్నాయి. ఇండియన్ ఫోటో ఫెస్టివల్ మొదలైన 2015 నుంచీ ఈ ఊళ్ళో ఫోటోలు చూసే జనం కాస్త పెరిగారు. అయినా ఒక్కో ఫోటో ముందు ఎంతసేపు ఆగుతారో గమనించండి. రెండు సెకన్లు. ఎందుకంటే చూడగానే అర్థమైపోతుంది! ఫ్లైఓవర్, ట్రాఫిక్, చార్మినార్... పదండి పదండి.

అన్నట్టు, ఈ ఊరి ఫోటోలకి ఆద్యుల్లో ఒకడైన రాజా దీన్‌దయాళ్ కూడా మనలాగే ఇంజనీరింగ్ చదివినవాడే. రూర్కీలో చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో ఉద్యోగం చేసి, కెమెరా పట్టుకుని, చివరికి ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు.

చూసే కన్ను మారితే ఫోటో కూడా ఆబ్‌స్ట్రాక్ట్ అవుతుంది. జర్మనీలో బెహర్ దంపతులు 1959 నుంచి నీళ్ళ ట్యాంకులు, కూలింగ్ టవర్లు, కొలుములు తీసుకుంటూ పోయారు. మబ్బు పట్టిన ఆకాశం, ఎదురుగా కెమెరా, అన్నీ ఒకే కొలతలో వరసగా. వాటిని చూస్తే ట్యాంకు కనబడదు, ఆకారం కనబడుతుంది. 1990లో వెనిస్ బినాలేలో ఆ ఫోటోలకి శిల్పకళ బహుమతి ఇచ్చారు! వాళ్ళ శిష్యుడు గుర్‌స్కీ రైన్ నది ఫోటోలోంచి భవనాల్ని కంప్యూటర్లో తీసేసి, పచ్చ, బూడిదరంగు పట్టీలు మిగిల్చాడు. 2011లో అది 43 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది.

నాకు ఇక్కడే చిన్న భయం. స్టేట్ గ్యాలరీలో కడుతున్న అద్దాల భవనం ఫోటో ఒకటి చూశాం. అడ్డగీతలు, నిలువుగీతలు, మధ్యమధ్య చుక్కలు. చాలా అందంగా ఉంది. నేను గీతల అమరిక చూస్తున్నాను. నాన్న ఆ చుక్కల్లో ఒకదాన్ని చూపించి, "పరంజా మీద ఉన్నోడికి నడుముకి తాడు లేదురా" అన్నాడు.

మనం కూర్చునే ప్రతి టవరూ కొన్నాళ్ళు అలాంటి పరంజాల వెనకే ఉంది. ఏసీలో కూర్చుని టికెట్లు క్లోజ్ చేస్తున్న మనకి ఆ చుక్క కనబడదు. ఫోటో చూపించింది, కానీ అందంగా చూపించింది కాబట్టి మళ్ళీ దాటిపోయే ప్రమాదం ఉంది.

అందుకే నా అభిప్రాయం ఇది. మనం ప్రశ్నల్ని తారుమారుగా అడుగుతున్నాం. పెయింటింగ్‌ని "ఇందులో ఏముంది, ఎవరున్నారు?" అని వేధిస్తాం. దాన్ని అడగాల్సింది "ఎలా చేశారు?" అని. ఫోటోని మాత్రం ఏమీ అడక్కుండా వదిలేస్తాం. "ఎవరున్నారు?" అని అడగాల్సింది దాన్ని.

స్టేట్ గ్యాలరీ మన ఆఫీసులకి కూతవేటు దూరంలో ఉంది. శనివారం ఓ గంట చాలు. అన్నీ చూడక్కర్లేదు. ఒక పెయింటింగ్ దగ్గర పది నిమిషాలు నిలబడండి, ఒక ఫోటోలో ఒక్క మనిషిని వెతకండి. వీలైతే అమ్మనో నాన్ననో తీసుకెళ్ళండి. గోడ మీది కాగితం కంటే వాళ్ళే నయం.