ఇంట్లోనే పండుగ

మీ ఇంట్లో ఒకరు జబ్బుతో ఉండగా పండుగ వచ్చిందా? అప్పుడు మీరేం చేశారు? మా అనుభవం చెబుతాను, వినండి.

సూరత్ నగరంలోని పాండేసరలో మరమగ్గాలు, బట్టలకు రంగులద్దే మిల్లులు ఉన్నాయి. బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. నాన్న మగ్గం నడిపేవారు. ఒక ఏడు అక్టోబరులో ఆయనకు క్షయ అని తేలింది. 6 నెలలు మందులు వాడాలని డాక్టరు చెప్పారు.

డిసెంబరు వచ్చేసరికి దగ్గు తగ్గింది. ఆకలి పుట్టింది. "నాకు నయమైంది. ఇక మాత్రలెందుకు? క్రిస్మస్ కాగానే పనికి పోతాను" అన్నారు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. దగ్గు తగ్గినా క్రిములు లోపల మిగిలే ఉంటాయి. మధ్యలో మానేస్తే అవి ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. నర్సు చెప్పిన ఈ మాటే అమ్మ మళ్లీ మళ్లీ చెప్పింది.

ఆ ఏడు కొత్త బట్టలు లేవు. చుట్టాలు రాలేదు. గుమ్మానికి కాగితపు నక్షత్రం మాత్రం కట్టాం. సంఘంవాళ్లు వచ్చి, బయటే నిలబడి రెండు పాటలు పాడి వెళ్లారు.

ఏటా లూకా సువార్త 2వ అధ్యాయం నాన్నే చదివేవారు. ఆ రాత్రి నాలుగు వాక్యాలకే ఆయాసం వచ్చింది. పుస్తకం నా చేతికిచ్చారు. బడి మానేసిన నేను కూడబలుక్కుని చదివాను. సత్రంలో చోటు లేక బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టిన చోటుకు వచ్చేసరికి నాన్న కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు అమ్మ అడగకముందే మాత్రలు వేసుకున్నారు. ఏప్రిల్‌లో మందులు పూర్తయ్యాకే మగ్గం దగ్గరికి వెళ్లారు. నేను మళ్లీ చదువు మొదలుపెట్టింది కూడా ఆ ఏడే.

మీ ఇంటి పండుగ గురించి మీరూ ఐదు వాక్యాలు రాయండి.