టాపు విప్పిన హెరాల్డ్‌లు

సాయంత్రం పూట హైదరాబాదు దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఓపెన్ టాప్ కార్లు కనబడటం ఇప్పుడు వింత కాదు. మీట నొక్కితే పైకప్పు మడతలు పడి వెనక్కి దిగిపోయే విదేశీ కార్లవి. బాగుంటాయి, కాదనను. డబ్బుంటే రేపే షోరూముకు వెళ్ళి తెచ్చుకోవచ్చు. నా మనసు మాత్రం ఏ షోరూములోనూ దొరకని ఓపెన్ టాప్ మీద ఉంది. అది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే నాలాంటి కొందరం సెలవు రోజుల్లో దానికోసం తిరుగుతుంటాం. కొనాలని కాదు. ఎక్కడెక్కడ మిగిలున్నాయో, ఎవరి దగ్గరున్నాయో ముందు ఒకచోట రాసిపెట్టాలని.

టాపు విప్పే వీలు హెరాల్డ్ పుట్టుకలోనే ఉంది. 1950లలో ఇంగ్లండులో స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను పోటీదారు బీఎంసీ కొనేసింది. కొత్త కారుకు పూర్తి బాడీ ఒకేచోట చేయించుకునే దారి మూసుకుపోయింది. అందుకని విడిగా ఛాసిస్ వేసి, బాడీని భాగాలుగా వేర్వేరు చోట్ల చేయించి, బోల్టులతో బిగించే పద్ధతి పట్టారు. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి రూపం గీశాడు. 1959 ఏప్రిల్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ అన్న పేరుతో కారు బయటికొచ్చింది. పైకప్పు కూడా విడిభాగమే కాబట్టి అదే ఛాసిస్ మీద సెలూనూ, కూపే, మరుసటి ఏడు కన్వర్టిబులూ చేయగలిగారు. ముందు భాగమంతా మడ్‌గార్డులతో సహా ఒకే ముక్కగా ముందుకు లేస్తుంది. మెకానిక్ ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. 25 అడుగుల చోటుంటే చాలు, కారు వచ్చిన వైపుకే మళ్ళిపోతుంది. సందుల్లో నడిపినవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతే మొదట చెబుతారు.

మద్రాసు శివార్లలో వండలూరు దగ్గరున్న స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961లో ఈ కారును మన దగ్గర మొదలుపెట్టింది. 948 సీసీ ఇంజను, రెండు తలుపులు. ఆ రోజుల్లో మామూలు మనిషికి కారంటే మూడే: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. విదేశీ కార్ల దిగుమతి దాదాపు మూసేసిన కాలమది. సినిమా పాటల్లో హీరో గాలికి జుట్టెగరేస్తూ ఓపెన్ కారు నడుపుతుంటే చూసి ముచ్చటపడిన కుర్రాడికి అలాంటిది కావాలంటే మార్గం షెడ్డులోనే ఉండేది. మేస్త్రీ స్పానర్లు తీసుకుని బోల్టులు విప్పేవాడు, టాపు ఊడొచ్చేది. సీటు కవర్లు కుట్టేవాళ్ళ చేత కాన్వాసు గుడ్డతోనో రెక్సిన్‌తోనో హుడ్డు కుట్టించుకుంటే వానాకాలం గడిచిపోయేది.

మనవాళ్ళు ‘టాపు కోయించాం’ అంటుంటారు గాని, రెండు తలుపుల హెరాల్డ్‌కు కోత అవసరం లేదు, విప్పితే చాలు. 1960ల చివర్లో వచ్చిన నాలుగు తలుపుల మార్క్ త్రీ సంగతి వేరు. దానికి రంపం పెట్టాల్సిందే. రంపం పడినచోట వెల్డింగ్ గీత ఎంత పుట్టీ పెట్టినా వేలికి తగులుతుంది. విప్పిన కారులో ముందు అద్దం చట్రం మీద పాత బోల్టు రంధ్రాలు దొరుకుతాయి. కంపెనీ చేసిన కన్వర్టిబులైతే వెనక సీటు కాస్త ఇరుకుగా ఉంటుంది, హుడ్డు కమ్మీలు మడిచి పెట్టుకునే చోటు వదలాలి కాబట్టి. చట్రం మీద హుడ్డు కొక్కేలు తగిలించే ఏర్పాటు కూడా ఉంటుంది. కారు కనబడగానే మా చేతులు ముందు ఆ చట్రం మీదికే పోతాయి.

ఆ తర్వాతే మాలో మాకు వాదన మొదలవుతుంది. టాపు విప్పిన కారును అసలైన ఓపెన్ హెరాల్డ్‌గా లెక్కలో వేసుకోవాలా, పాడుచేసిన సెలూన్‌గా పక్కన పెట్టాలా? కొందరు నిక్కచ్చిగా కుదరదంటారు. వాళ్ళ వైపు చట్టం కూడా కొంత ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులేవీ లేని బండికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము ఇరవై వేల రూపాయలు, గడువు పదేళ్ళు. ఆర్‌సీలో సెలూన్ అని రాసుండి ఎదురుగా టాపు లేని కారు నిలబడితే అధికారి ప్రశ్నించడం న్యాయమే.

నా వాదన వేరు. చట్టం తన అవసరానికి ఒక గీత గీసుకుంది. మన లెక్కకు అదే గీత ఎందుకు? కొనడానికి ఓపెన్ కారు దాదాపు దొరకని దేశంలో ఒక మేస్త్రీ, ఒక టైలరు కలిసి ఓపెన్ కారు తయారుచేశారు. అది యాభై ఏళ్ళుగా అలాగే ఉంది. ఆ యాభై ఏళ్ళు కూడా కారు చరిత్రే. ఇప్పుడు దాన్ని ‘అసలు రూపానికి’ తెస్తామని ఎక్కడిదో టాపు వెతికి బిగిస్తే, మన ఊరి చేతులు చేసిన పని చెరిగిపోతుంది. అందుకే జాబితాలో అన్నింటికీ చోటుండాలని పట్టుబట్టాను. కాకపోతే ఏది కంపెనీది, ఏది విప్పినది, ఏది కోసినది అన్నది దాచకుండా రాయాలి. విప్పింది ఎవరో తెలిస్తే ఆ పేరూ రాయాలి. ఇది మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

కార్లు దొరికే తీరు కూడా ఈ నగరం మారుతున్న తీరునే చెబుతుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో పాత బంగళా అపార్టుమెంటుకు ఇచ్చేస్తున్నారంటే వెనక షెడ్డు ఖాళీ చేస్తారు. అప్పుడు టార్పాలిన్ కిందనుంచి ఏదో ఒకటి బయటపడుతుంది. అక్కడినుంచి అది తుక్కుకైనా పోతుంది, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌కైనా పోతుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వేలం వంద కోట్లు దాటాక ఈ వైపు షెడ్లకు రోజులు దగ్గరపడ్డాయి. వారం ఆలస్యమైతే కారు ఉండదు. వాచ్‌మన్లు, ఇళ్ళు కూల్చే మేస్త్రీలు, రాణిగంజ్ స్పేరు పార్టుల దుకాణాల్లో నెరిసిన తలలు, విజయవాడ ఆటోనగర్ టింకర్లు: మాకు కబురు వచ్చేది వీళ్ళనుంచే. పాత తెలుగు సినిమా పాటలు ఆపి ఆపి చూసి నంబరు ప్లేట్లు రాసుకునేవాళ్ళూ మాలో ఉన్నారు. సినిమాలు మద్రాసులో తీసేవారు, కారు తయారయ్యేదీ మద్రాసులోనే.

హెరాల్డ్‌లు ఇంత తక్కువగా మిగలడానికి కారణం కారులోనే ఉంది. వెనక చక్రాలకు స్వింగ్ యాక్సిల్, అడ్డంగా ఒకే కమాను పట్టీ. మన గుంతల్లో అది నిలబడలేదు, యాక్సిల్ షాఫ్టులు విరిగేవి. అందుకే 1970లలో వచ్చిన తర్వాతి మోడల్ గెజెల్‌కు కంపెనీ మామూలు గట్టి యాక్సిల్ పెట్టింది. 1988లో ఫ్యాక్టరీయే మూతపడింది. దానికితోడు టాపు లేని కారులో వాననీళ్ళు నేల రేకుల్లో నిలిచి, అక్కణ్ణుంచి ఛాసిస్‌ను తినేస్తాయి. పైనుంచి మెరిసే కారును జాకీ మీద లేపితే కింద చేయి దూరేంత కంతలు ఉంటాయి.

విడిభాగాల విషయంలో ఐటీ ఉద్యోగం ఒక మేలు చేసింది. ఇంగ్లండులో హెరాల్డ్‌ను ప్రేమించేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే కాబట్టి అక్కడ కొత్త విడిభాగాలు తయారవుతూనే ఉన్నాయి. ఆన్‌సైట్‌కు వెళ్ళినవాళ్ళ పెట్టెల్లో చాక్లెట్ల పక్కన బుష్‌లు, సీళ్ళు, తలుపు రబ్బర్లు వస్తున్నాయి. కస్టమ్స్‌లో బిల్లు చూపించి తెచ్చుకున్న ఒక్క వీల్ సిలిండర్ కిట్‌తో ఏళ్ళ తరబడి కదలని కారు వీధి చివరిదాకా వెళ్ళి ఆగగలిగింది. ఆ రోజు ఆ కారున్న ఇంటి పెద్దాయన అందరికీ ఇరానీ చాయ్ తెప్పించారు.

చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. బార్కర్ కంపెనీ కట్టిన బాడీ, వెనక సింహాసనం లాంటి ఎత్తైన సీటు. ఆయన 1911లో పోయారు, కారు ఏడో నిజాం హయాంలోకి వచ్చింది, తిరిగింది చాలా తక్కువ. దాని చరిత్ర రాయడానికి, బాగుచేయించడానికి మనుషులున్నారు. ఉండాలి కూడా. హెరాల్డ్ మాత్రం డాక్టరుదో, లాయరుదో, సినిమా పంపిణీదారుడిదో. పిల్లల్ని బడికి దింపింది, పెళ్ళికొడుకును ఊరేగించింది. దాని తాలూకు కాగితం ఒక్క ఆర్‌సీ పుస్తకమే. అది పోతే కారుకు ఊరూ పేరూ ఉండదు.

కాబట్టి ఇది చదువుతున్నవారిలో ఎవరి పెద్దలకైనా హెరాల్డ్ ఉండేదని వింటే దయచేసి రెండు పనులు చేయండి. పాత బీరువాలో ఆర్‌సీ పుస్తకం వెతికి, ప్రతి పేజీనీ ఫోటో తీసి పెట్టండి, ముఖ్యంగా బాడీ రకం రాసిన పేజీ. కారు ఇంకా ఉంటే బానెట్ ఎత్తి కంపెనీ పలక మీది అంకెలు రాసుకోండి, తుడవడానికి ఉప్పు కాగితం వాడొద్దు, అక్షరాలు పోతాయి. టాపు ఎప్పుడు, ఏ షెడ్డులో విప్పించారో నాన్ననో తాతనో ఇప్పుడే అడగండి. విప్పిన టాపు అటక మీద ఉంటే దాన్నీ పారేయకండి.