ఆబింగ్డను పట్టణమున ఒక పాత బండి బేరము

ఇంగ్లండు దేశమున ఆక్సుఫర్డు నగరమునకు దక్షిణముగా ఆఱు మైళ్ల దూరమున, థేమ్సు నది యొడ్డున ఆబింగ్డను అను చిన్న పట్టణము కలదు. రైలులో పోదమన్న వీలులేదు. 1963వ సంవత్సరముతో ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. మేము ఆక్సుఫర్డులో కాపురముండువారము కనుక బస్సెక్కి గత వైశాఖమున ఒక శనివారమునాడు అచ్చటికి పోయితిమి. మేమనగా మావారును, నేనును, యంత్రవిద్య చదివిన మా అక్కగారి అబ్బాయియును. పట్టణము చూచుట యొక పని. అచ్చట అమ్మకమునకున్న పాత మోటారుబండిని చూచుట రెండవ పని. మావారి దృష్టి అంతయు రెండవ పనిమీదనే యుండెను.

ఊరి నడుమ అంగడివీధిలో కౌంటీ హాలు అను రాతికట్టడము నిలిచియున్నది. 1678 మొదలు 1682 వఱకు క్రిస్టఫర్ కెంప్‌స్టర్ అను శిల్పి దానిని కట్టించెను. క్రింద కమానుల నడుమ సంత, మీద న్యాయస్థానము ఉండెడివట. ఇప్పుడది వస్తుప్రదర్శనశాల. రాజుల పట్టాభిషేకములవంటి శుభసమయములందు ఊరిపెద్దలు ఈ మేడపైకెక్కి క్రిందనున్న జనులమీదికి చిన్న రొట్టెలు విసరుదురు. 1761లో మూడవ జార్జి పట్టాభిషేకమునాటి నుండియు ఈ యాచారము నడచుచున్నది. ఆ రొట్టెలలో కొన్ని ఎండి రాయివలెనై లోపల అద్దపు పెట్టెలలో భద్రముగా నున్నవి. మన యిండ్లలో పెండ్లినాటి తలంబ్రాలు మూటగట్టి దాచుకొన్నట్లే యున్నది!

ఆ ప్రదర్శనశాలలోనే ఒక మోటారుబండియు కలదు. 1980లో ఈ యూరి కర్మాగారమున తయారైన కడపటి బండ్లలో నది యొకటి. ఆక్సుఫర్డులో మారిస్ గరాజులను నడపుచుండిన సెసిల్ కింబర్ అను నాయన పందెపు బండ్లవంటి చిన్న బండ్లను చేయించి, ఆ గరాజుల పేరులోని మొదటి యక్షరములతో వానికి ఎం.జి. అని పేరు పెట్టెను. ఎనిమిది మూలల ముద్ర వాని గుఱుతు. 1929లో ఆ పని ఆబింగ్డనుకు తరలివచ్చెను. ఏబది యేండ్లు ఈ యూరి కుటుంబములకు అన్నము పెట్టిన ఆ కర్మాగారము 1980 అక్టోబరులో మూతపడినది. 1962లో పుట్టిన ఎం.జి.బి. అను బండి యొక్కటియే అయిదు లక్షలకు పైగా తయారై, అందు పెక్కుభాగము అమెరికాకు ఓడలెక్కి పోయెను.

మేము చూడబోయిన బండియు ఎం.జి.బి.యే. 1971 నాటిది, పైకప్పు లేనిది, తళతళలాడు క్రోమియపు బంపరులు గలది. 1974 తరువాత అమెరికా చట్టములకై నల్లని రబ్బరు బంపరులు తగిలించి బండి యెత్తును గూడ పెంచిరి గనుక, అంతకు ముందటివానినే జనులు మక్కువతో వెదకుదురు. అడిగిన వెల 4,000 పౌనులు. మాయొద్ద నున్న సొమ్మును ఇంచుమించుగా నంతే. అయితే ఆ సొమ్ము సంక్రాంతికి పిల్లలతోగూడ కాకినాడ పోవుటకై రెండేండ్లుగా కూడబెట్టినది. మా అత్తగారు మనుమలను చూచి నాలుగేండ్లయినది. మావారు చిన్ననాడు ఏదో పత్రికలో ఇట్టి బండి బొమ్మను చూచి కత్తిరించి దాచుకొన్నారట. ఈ రెండు కోరికలలో దేనిని కాదనవలెనో తెలియక మేము బస్సులోనే సగము దారి మౌనముగా కూర్చుంటిమి.

బండి యజమానురాలు డెబ్బదియైదేండ్లు దాటిన విధవరాలు. ఆమె భర్త కర్మాగారము మూతపడువఱకు అందులోనే పనిచేసెనట. ఆయన పోయిన పిమ్మట బండి పదునైదేండ్లు కొట్టములోనే యుండెను. ఆమె మాకు టీ యిచ్చి, కొట్టము తలుపు తీసెను. ఎఱ్ఱని రంగు, తీగెల చక్రములు, తోలు వాసన! మావారు నోట మాటలేక నిలిచిపోయిరి.

మా అబ్బాయి మాత్రము జేబునుండి చిన్న అయస్కాంతమును తీసి చేతిరుమాలులో చుట్టి, తలుపుల క్రింద పొడవుగా నుండు రేకుగొట్టము పొడవున నెమ్మదిగా జరపెను. కొన్నిచోట్ల అది యంటుకొనెను; కొన్నిచోట్ల జాఱిపడెను. "పిన్నీ, ఇచ్చట ఇనుము లేదు. చిల్లులు పడినచోట లప్పము పూసి పైన రంగు వేసినారు" అనెను. చెమ్మగోడకు సున్నము కొట్టి క్రొత్త యిల్లనిపించినట్టి పనియే యిది యని నాకు తోచెను.

తుప్పు పట్టని పాతబండి ఉండదు గదా, దీనికింత శోధన యేల యని మావారడిగిరి. అందుకు మా అబ్బాయి చెప్పిన మాట వినదగినది. దీనికి ముందు వచ్చిన ఎం.జి.ఏ. అను బండికి క్రింద వేఱుగా ఉక్కు చట్టముండెను. పై రేకు పాడైనను చట్టము మోయును. ఎం.జి.బి.కి అట్టి చట్టము లేదు. రేకులే మడచి గొట్టములుగా అతికి, వానితోనే బండి నంతను నిలిపినారు. కప్పు లేని బండికి తలుపుల క్రింది గొట్టములే వెన్నెముక. ఈ దేశమున శీతకాలమందు మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ యుప్పునీరు గొట్టములలో చేరి లోపలినుండి తినివేయును. పైకి రంగుబుడగ కనబడునప్పటికి లోపలి పని ముగిసియుండును.

ఆమె సెలవు తీసికొని అతడు బండి ప్రక్కన జాకీ పెట్టి కొద్దిగా నెత్తెను. తలుపు తెఱచి మరల మూయబోగా, అది చట్రమునకు తగులుకొని మూతపడలేదు. బండి నడుమ వంగిపోవుచున్నదన్నమాట. ఇంజను మంచిదే, 1798 ఘనసెంటీమీటర్ల ఆ యంత్రము సులువైనది, దాని సామాను నేటికిని దొరకును. 1988 నుండి బండి మొత్తపు రేకుకట్టును గూడ పాత అచ్చులతోనే మరల చేయుచున్నారు. కాని సామాను దొరకుట వేఱు, కోసి అతికించు కూలి వేఱు. "రెండు ప్రక్కల గొట్టములు, నేలరేకులు మార్చి వెల్డింగు చేయించుటకు ఆఱువేలకు తక్కువ కాదు, బాబాయీ. నాలుగు, ఆఱు కలిపిన పదివేలు. ఆ సొమ్ముకు నడచుచున్న బండియే వచ్చును" అనెను.

ఇంక మాకు మిగిలిన కష్టము వేఱు. ఆ వృద్ధురాలితో నేమి చెప్పవలెను? ఏదో సాకు చెప్పి లేచిపోవుట తేలిక. కాని మఱునాడు వేఱొకరెవరో వచ్చి, తుప్పును సాకుగా చూపి, ఆమెను భయపెట్టి అయిదువందలకు తీసికొని పోవచ్చును. లేదా ఎవరైన కుఱ్ఱవాడు రంగు చూచి కొని, నడిరోడ్డుపై ఆపద తెచ్చుకొనవచ్చును. నలుబదియేండ్లు దాటిన బండ్లకు ఇచ్చట ఏటేటా పరీక్ష తప్పనిసరి కాదు గనుక ఆ భయము మఱింత ఎక్కువ.

"ఏమండీ, ఉన్నది ఉన్నట్లు చెప్పుదము" అంటిని. మావారు తలయూచిరి. అబ్బాయి అయస్కాంతమును ఆమె చేతికే యిచ్చి చూపెను. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆయన కడపటి రోజులలో వంగి పని చేయలేకపోయిరి; ఆ లప్పము ఆయన చేతిదే" యనెను. పాత కర్మాగారపు చెంతనే కింబర్ హౌస్ అను భవనమున ఎం.జి. కారు క్లబ్బు కలదు. అచ్చటివారిని పిలిచి వెల కట్టించుకొని, తుప్పు సంగతి వ్రాసియే అమ్ముడని చెప్పి వచ్చితిమి. తిరుగుదారిలో థేమ్సుపై వంతెన దాటునపుడు మావారు, "టిక్కెట్లు ఈ వారమే కొందము" అనిరి.

రెండు నెలలకు ఆమె ఉత్తరము వచ్చినది. రేకుపని స్వయముగా చేసికొనగల తండ్రీకొడుకులు 1,500 పౌనులకు బండిని తీసికొని పోయిరట. వారికది తగిన బేరము, మాకు కాదు. సోదరీమణులు పాతవస్తువు దేనినైనను బేరమాడునపుడు అడిగిన వెలతోబాటు బాగుచేయు వెలను గూడ కాగితముపై వ్రాసి కూడి చూడవలెను. ఆ పని మన యింటివారి చేతులతో నగునా, కూలికి చేయింపవలెనా అనునది ముందు తేల్చుకొనవలెను. మెఱుగు పెట్టిన చోటనే ముందుగా తట్టి చూడవలెను. మా అబ్బాయి అయస్కాంతము వెల ఒక్క పౌను.